నౌపడ–గుణుపూర్ రైలుమార్గం గురించి సర్వసభ్య సమావేశ తీర్మానం

నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ ప్రాంతాల రైలు ప్రయాణికులు, ఉద్యోగ విరమణ చేసిన రైల్వే సిబ్బంది, ఉపాధ్యాయులు, వర్తకులు సభ్యులుగా ఉన్న మా సంఘం పాతపట్నంలో సర్వసభ్య సమావేశం జరుపుకొని ఈ తీర్మానాన్ని ఆమోదించింది. ముసాయిదాను ముందు తెలుగులో, తర్వాత ఒడియాలో చదివి వినిపించాం. వచ్చినవాళ్లలో సగం మందికి పైగా రెండు భాషలూ తెలిసినవాళ్లే. అయినా రెండుసార్లూ చివరిదాకా విన్నారు.

పూర్వరంగం

మద్రాసు–హౌరా ప్రధాన మార్గం 1890లలో ఈ తీరం వెంట పడినప్పుడు పర్లాకిమిడిని తాకలేదు. నౌపడ ఉప్పుమళ్ల పక్కనుంచి నేరుగా ఉత్తరానికి సాగిపోయింది. పర్లాకిమిడి అక్కడికి నలభై కిలోమీటర్ల లోపల, మహేంద్రతనయ ఒడ్డున ఉండిపోయింది. తన పట్టణానికి రైలు రావాలంటే తానే వేయించుకోవాలని అప్పటి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ నిశ్చయించారు. ఏడు లక్షల రూపాయల ఖర్చుతో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా పట్టాలు పరిపించారు. 1900లో రైలు నడిచింది. దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. రెండు పట్టాల మధ్య ఎడం రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. ప్రధాన మార్గంలో ఉన్న 1,676 మిల్లీమీటర్ల ఎడంలో అది సగం కూడా కాదు. పట్టాలు దగ్గరగా ఉంటే కట్ట సన్నగా సరిపోతుంది, వంతెనలు తేలికవుతాయి, మలుపులు బిగువుగా తిప్పవచ్చు, ఖర్చు తగ్గుతుంది. ఒక జమీను భరించగల రైలు అదే.

చెరువులు తవ్వించిన జమీందారులు, సత్రాలు కట్టించిన జమీందారులు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. రైలు వేయించినవారు అరుదు. ఈ రైలు లాభం కోసం వేసినదని కూడా అనలేం, ఎందుకంటే మొదటి పదేళ్లూ నష్టమే వచ్చింది. 1910 తర్వాత కొద్దిగా మిగలడం మొదలైంది, 1924–25 తర్వాత ఆదాయం బాగా పెరిగింది. ఆ ధైర్యంతోనే తర్వాతి రాజా కృష్ణచంద్ర గజపతి కాలంలో మార్గాన్ని వంశధార వెంట గుణుపూర్ దాకా రెండు దఫాలుగా, 1929లోనూ 1931లోనూ, పొడిగించారు. మొత్తం దూరం తొంభై కిలోమీటర్ల వరకు అయింది.

1931ని ఈ సమావేశం ప్రత్యేకంగా గుర్తుచేసుకుంటున్నది. గుణుపూర్ చుట్టుపక్కల కొండలు సవరలవి. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 1880లో ఉపాధ్యాయుడిగా చేరి, ఆ కొండల వాళ్ల దగ్గరే వాళ్ల భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషా వ్యాకరణం అచ్చయినది కూడా ఆ ఏడాదే. ఒకే ఏడాది సవర సీమకు రైలూ వచ్చింది, సవర భాషకు వ్యాకరణ గ్రంథమూ వచ్చింది. రెండింటికీ ఊరు పర్లాకిమిడే. మా సభ్యుల్లో ఉపాధ్యాయులు ఈ సంగతిని తీర్మానంలో చేర్చాలని పట్టుబట్టారు. సమావేశం సంతోషంగా ఒప్పుకుంది. పంతులుగారి మీద గౌరవంతోనే ఈ తీర్మానాన్ని గ్రాంథికపు కార్యాలయ భాషలో కాకుండా మేం మాట్లాడుకునే తెలుగుకు దగ్గరగా రాస్తున్నాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం, టెక్కలి, నౌపడ ఇటు ఉండిపోయాయి. రైలుమార్గం సరిహద్దుకు రెండువైపులా పడింది. ఆ విభజనను వ్యతిరేకించిన రామమూర్తి పంతులుగారు అన్నేళ్లు బతికిన ఊరిని వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాది ఒరిస్సాకు తొలి ప్రధానమంత్రి అయ్యారు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను అలాగే పిలిచేవారు. ఇద్దరి మనసుల్లో ఎవరి బాధ వారిది, ఎవరి ఆశ వారిది. ఎవరిది న్యాయమో తేల్చడానికి మేం కూర్చోలేదు. మాకు ముఖ్యమైనది ఒక్కటే: గీత పడిన మర్నాడు కూడా రైలు నౌపడలో బయల్దేరి గుణుపూర్ చేరింది. పాతపట్నం దాటాక ఎవరూ దిగి వేరే బండి ఎక్కలేదు. పెళ్లిళ్లకు, సంతలకు, నీలమణి దుర్గమ్మ దర్శనానికి, కోర్టుకు, బడికి అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ వస్తూపోతూనే ఉన్నారు. భాషల పేరిట రాష్ట్రాలు విడిపోయిన కాలంలో ఈ రెండడుగుల ఆరంగుళాల దారి రెండు భాషలవాళ్లనూ ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది.

తర్వాతి చరిత్ర చాలామందికి తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతున్నాం. బెంగాల్ నాగపూర్ రైల్వే, ఆగ్నేయ రైల్వే, 2003 నుంచి తూర్పు కోస్తా రైల్వే: యజమానులు మారారు. ఆవిరి ఇంజిన్లు పోయి డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. 2004 జూన్‌లో చివరి చిన్న రైలు నడిచింది. ఆ తర్వాత గేజ్ మార్పిడి పనులు జరిగి, 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపూర్‌కు బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది.

అంటే గుణుపూర్ ఏడేళ్లు రైలు లేకుండా గడిపింది. ఆ ఏడేళ్లలో కాలేజీ చదువు మొదలుపెట్టి ముగించినవాళ్లు మా సమావేశంలో ఉన్నారు. వాళ్ల చదువుకు చిన్న రైలూ అందలేదు, పెద్ద రైలూ అందలేదు. బస్సు చార్జీలకు ఇంట్లో ఏం అమ్మారో ఒకామె చెప్పారు. ఆ మాటలు మినిట్స్‌లో రాశాం, ఇక్కడ రాయడం లేదు.

సమావేశంలో జరిగిన చర్చ

గేజ్ మార్పిడి తప్పు అని ఈ సంఘం అనడం లేదు. ఈ మాట స్పష్టంగా నమోదు కావాలి. చిన్న రైలు మీద ప్రేమ ఉన్నవాళ్లం, అందులో గార్డులుగా, పాయింట్స్‌మన్లుగా, గ్యాంగ్‌మన్లుగా పనిచేసినవాళ్లం కూడా మాలో ఉన్నాం. అయినా విశాఖ ఆస్పత్రికి రోగిని తీసుకెళ్లేవాళ్లు నౌపడలో దిగి, మూటాముల్లె మోసుకుని, ఇంకో ప్లాట్‌ఫారం మీద ఇంకో బండి కోసం ఎదురుచూడాల్సిన అవసరం తప్పింది. పూరీకి నేరుగా బండి ఉంది. సరుకు ఒక వ్యాగన్ నుంచి ఇంకో వ్యాగన్‌కు మార్చే పని పోయింది. ఇవి చిన్న లాభాలు కావు.

మా బాధ వేరు. కొత్తది వచ్చినప్పుడు పాతదాని ఆనవాలు ఈ దారి మీద ఉంచుకోవాలన్న ఆలోచన అందరికీ ఆలస్యంగా వచ్చింది. అందులో మేమూ ఉన్నాం. చివరి రైలు వెళ్లిన రోజు దండలు వేసి, ఫొటోలు దిగి, ఇంటికి వెళ్లిపోయాం. మర్నాడు ఏ పట్టా ఎటు పోతుందో, ఏ లాంతరు ఎక్కడికి చేరుతుందో అడగలేదు. ఈ తప్పును సంఘం తన మీద వేసుకుంటున్నది.

ఒక సభ్యుడు లేచి, అంత చిన్న రైలు ఈ కాలంలో దేనికి పనికొస్తుందని నిలదీశారు. ప్రశ్న సూటిగా ఉంది కాబట్టి జవాబు వివరంగా ఇచ్చాం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇంతకన్నా సన్నని, రెండడుగుల గేజ్ పట్టాలు నేటికీ దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల మేర ఉన్నాయి. కోత కాలంలో అక్కడి చెరకులో అత్యధిక భాగం పొలాల అంచున నిలిపిన చిన్న చిన్న పెట్టెల్లోకి ఎక్కి, ఆ పట్టాల మీదే మిల్లులకు చేరుతుంది. కోసిన చెరకు ఆలస్యమైతే తీపి తగ్గుతుంది. అందుకే పొలం నుంచి గానుగ దాకా గడియారం పట్టుకుని నడిచే రైలు వాళ్లకు లాభం. మన వైపు చెరకు ట్రాక్టర్ల మీద, లారీల మీద పోతుంది. కోత కాలంలో ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరిన బళ్లు చూసినవాళ్లకు ఆ తేడా విడమరచి చెప్పక్కర్లేదు.

ఫిజీ సంగతి మాకు ఇంకా దగ్గరది. 1903 నుంచి మద్రాసు రేవు గుండా కూలి ఒప్పందాల మీద ఫిజీ వెళ్లినవాళ్లలో విశాఖపట్నం జిల్లావాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు నరికిన చెరకును మోసింది రెండడుగుల గేజ్ రైలే. ఆ పట్టాల మీద చక్కెర కంపెనీ జనానికి టికెట్ లేని ప్రయాణికుల బండి కూడా నడిపింది. ఇక్కడ రాజా రైలు నడుస్తున్న కాలంలోనే, మన వైపు నుంచి వెళ్లినవాళ్లు సముద్రం అవతల ఇంకో చిన్న రైలు ఎక్కుతున్నారు. సన్నపట్టాల రైలు పేదవాళ్లకు, పొలాలకు దగ్గరగా నడిచిన రైలు. దాన్ని బొమ్మ రైలు అనడం సమావేశానికి నచ్చలేదు. ఈ తీర్మానంలో ఆ మాట ఎక్కడా వాడకూడదని నిర్ణయించాం.

మన దేశంలోనే ఉదాహరణలున్నాయి. డార్జిలింగ్ రైలు 1999లో, నీలగిరి రైలు 2005లో, కాల్కా–సిమ్లా రైలు 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. కాల్కా–సిమ్లా పట్టాల ఎడం సరిగ్గా మన పాత రైలుదే. అది 1903లో మొదలైంది. మనది అంతకు మూడేళ్ల ముందే నడిచింది. ఆ మూడూ ఇవాళ్టికీ నడుస్తూనే గౌరవం పొందుతున్నాయి. అరకు లోయకు 2017లో అద్దాల పెట్టె వేసినప్పుడు జనం ఎలా ఎగబడ్డారో విశాఖవాళ్లందరికీ తెలుసు. రైలు ప్రయాణాన్నే చూడదగిన విషయంగా భావించే జనం ఉన్నారన్నమాట.

దీన్ని ఆధారం చేసుకుని నలుగురు సభ్యులు ఒక సవరణ ప్రతిపాదించారు: నౌపడ నుంచి టెక్కలి దాకా బ్రాడ్‌గేజ్ పక్కనే మళ్లీ సన్నపట్టాలు పరిచి, పర్యాటక రైలు నడపాలని. దీని మీదే ఎక్కువసేపు వాదన జరిగింది. భూమి ఎక్కడిది, రోడ్డు దాటేచోట రెండు గేట్లు ఎలా, గిట్టుబాటు కాకపోతే రెండేళ్లకే తుప్పు పట్టదా అని రైల్వేలో పనిచేసినవాళ్లే అడ్డు చెప్పారు. పట్టాల మీద జీవితం గడిపినవాళ్లు కాదన్నప్పుడు దానికి బరువు ఉంటుంది. చేతులెత్తి ఓటు వేస్తే సవరణ వీగిపోయింది. దాని స్థానంలో కింద చెప్పిన చిన్న కోరికను చేర్చాం. సవరణ ప్రతిపాదించినవారిలో ముగ్గురు దానికి ఒప్పుకున్నారు. ఒకరు తటస్థంగా ఉన్నారు.

తీర్మానం

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏర్పాటు ప్రకారం ఈ మార్గం ఉన్న పాత వాల్తేరు డివిజన్ రెండవుతున్నది. నౌపడ–పర్లాకిమిడి భాగం విశాఖపట్నం డివిజన్ కింద దక్షిణ కోస్తా రైల్వేలో ఉంటుంది. పర్లాకిమిడి–గుణుపూర్ భాగం రాయగడ డివిజన్ కింద తూర్పు కోస్తా రైల్వేలో ఉంటుంది. విశాఖ కేంద్రంగా కొత్త జోన్ కోసం ఉత్తరాంధ్ర ఎన్నేళ్లు అడిగిందో మాకు తెలుసు. రాయగడ డివిజన్ కోసం అటువైపు కొండ జిల్లాలు ఎంత ఎదురుచూశాయో కూడా తెలుసు. రెండూ న్యాయమైన కోరికలే. అందుకే ఏ ముక్క ఎవరికి చెందాలన్న వాదనలోకి ఈ సంఘం దిగదు. అయితే రాజాలు వేసిన తొంభై కిలోమీటర్ల దారికి ఇకపై రెండు జోన్లు, రెండు కార్యాలయాలు ఉంటాయి కాబట్టి, పర్లాకిమిడి స్టేషన్ ఒక గుమ్మంగా ఉండాలి తప్ప గోడ కాకూడదని ఈ సమావేశం గట్టిగా కోరుతున్నది.

ఆ మేరకు, పరిపాలన హద్దు కారణంగా ఏ ప్రయాణికుల బండినీ పర్లాకిమిడిలో ఆపి తిప్పి పంపకూడదు. గుణుపూర్, పర్లాకిమిడి, నౌపడల వేళలను రెండు డివిజన్లూ కలిసి కూర్చుని ఖరారు చేయాలి. విడివిడిగా చేసి తర్వాత సరిచేస్తామంటే కుదరదు. నౌపడలో ప్రధాన మార్గపు బళ్లు అందేలా ఆ వేళలు ఉండాలి. గుణుపూర్‌లో ఎక్కినవారికి టెక్కలిలో ఇబ్బంది వస్తే ఫిర్యాదు ఏ డివిజన్‌కు పంపాలో వెతుక్కునే పరిస్థితి రాకుండా, ఈ మార్గం మొత్తానికి ఒకే ఫిర్యాదుల విభాగం, ఒకే ఫోన్ నంబరు ఉండాలి. పనివారి సెలవులు, పట్టాల మరమ్మతులు రెండువైపులా ఒకే రోజున పెట్టుకుంటే ప్రయాణికులకు ఒక్క రోజే ఇబ్బంది. వేర్వేరు రోజుల్లో పెడితే రెండు రోజులు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. రోజుకూలీకి రెండు రోజులంటే రెండు రోజుల కూలి.

గుణుపూర్ నుంచి తెరుబలి దాకా 73.62 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ పని పూర్తయితే వందేళ్లుగా కొమ్మగా ఉన్న మన మార్గం రెండు ప్రధాన మార్గాలను కలిపే దారి అవుతుంది. దీన్ని సంఘం హర్షిస్తున్నది. దాంతోపాటు ఒక భయాన్ని కూడా నమోదు చేస్తున్నది. దారి పొడవైనప్పుడు గూడ్సు బళ్లు పెరుగుతాయి. గూడ్సు పెరిగినప్పుడు చిన్న స్టేషన్లలో ఆగే బండే ముందు పక్కకు తప్పుకోవాల్సి వస్తుంది. వంశధార గట్టు పల్లెల్లో ఆ బండి ఆగడమే అక్కడివాళ్లకు రైలు. కొత్త దారి వచ్చాక కూడా ఇప్పుడున్న హాల్టుల్లో ఒక్కటి కూడా తీసివేయబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలని కోరుతున్నాం. కొత్త దారి సవర గ్రామాల గుండా పోతుంది కాబట్టి భూసేకరణ సభలు సవర భాషలో జరగాలి. ఒడియాలోనో తెలుగులోనో జరిపి వేలిముద్రలు తీసుకోవడం పద్ధతి కాదు. గిడుగువారు వందేళ్ల కింద కొండలెక్కి ఆ భాష నేర్చుకున్నప్పుడు, ఇప్పటి కార్యాలయాలు దుబాసీలను పెట్టుకోలేవా?

ఇక జ్ఞాపకం విషయం. ఈ మార్గంలో పనిచేసిన పీఎల్ తరగతి ఆవిరి ఇంజిన్లు ఎక్కడెక్కడ ప్రదర్శనలో ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో రైల్వే శాఖ జాబితా ప్రకటించాలి. వాటిలో కనీసం ఒక్కటి ఈ దారి మీదకు తిరిగి రావాలి. పర్లాకిమిడి స్టేషన్ ఆవరణలో పైకప్పు కింద కొన్ని వందల అడుగుల 762 మిల్లీమీటర్ల పట్టా పరిచి, ఆ ఇంజిన్‌ను, దొరికితే పాత పెట్టెలను దాని మీద నిలపాలి. సవరణకు బదులు మేం చేర్చిన చిన్న కోరిక ఇదే. అది కదలకపోయినా ఫరవాలేదు. వాన పడి తుప్పు పట్టకుండా ఉంటే చాలు. పిల్లలు ఎక్కి చూడటానికి మెట్లు ఉండాలి. పక్కనే ఒక గది కావాలి. అందులో రాజావార్ల చిత్రాలతో పాటు, వాటికి సమానమైన స్థలంలో, కట్ట పోసినవాళ్ల, స్లీపర్లు మోసినవాళ్ల, ఎండలో వానలో పట్టాల వెంట నడిచిన గ్యాంగ్‌మన్ల కథ ఉండాలి. గదిలో రాతలు తెలుగు, ఒడియా, సవర, హిందీ, ఇంగ్లిషు భాషల్లో ఉండాలి. సవరకు 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపిని వాడాలని గుణుపూర్ సభ్యులు కోరారు. సంఘం ఒప్పుకుంది.

నౌపడ నుంచి గుణుపూర్ దాకా ప్రతి స్టేషన్ పేరు బోర్డూ తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. రాష్ట్ర సరిహద్దు దాటగానే ఒక లిపి మాయమైపోతే, ఆ లిపి ఒక్కటే చదవగలిగిన ముసలమ్మకు ఊరు దాటిపోయినట్టు తెలియదు. ఇది గౌరవానికి సంబంధించిన విషయం కూడా.

పై కోరికలు ఇతరుల నుంచి. ఇది మా పని: ఈ దారిలో పనిచేసినవాళ్లు, ఈ బండిలో తిరిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ల గొంతులను వాళ్ల భాషలోనే రికార్డు చేసే బాధ్యతను సంఘం తీసుకుంటున్నది. టికెట్లు, వేళాపట్టికలు, చేతిలాంతర్లు, టోపీలు, బ్యాడ్జీలు, పెళ్లి ఫొటోల వెనక పొరపాటున పడిన రైలుపెట్టెలు: ఎవరి ఇంట్లో ఏమున్నా చూసి, ఫొటో తీసి, వివరం రాసుకుని వస్తువును వాళ్లకే తిరిగి ఇస్తాం. ఇస్తామన్నవాళ్ల దగ్గర కూడా మ్యూజియం గది సిద్ధమయ్యేదాకా తీసుకోం. దాచే చోటు లేకుండా సేకరించడం ఇంకో రకంగా పోగొట్టడమే అవుతుంది. ఈ పనికి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపూర్‌లలో ముగ్గురేసి సభ్యులతో నాలుగు బృందాలు ఏర్పాటయ్యాయి. ప్రతి బృందంలో కనీసం ఒకరు రెండు భాషలూ మాట్లాడేవారు, ఒకరు పాతికేళ్ల లోపువారు ఉండాలని షరతు.

బొబ్బిలి–సాలూరు మార్గం ప్రయాణికులు తమ కొమ్మదారి గురించి కూడా ఇలాంటి తీర్మానం కావాలని కబురు పంపారు. వచ్చే సమావేశానికి వారి ప్రతినిధులను ఆహ్వానిస్తున్నాం.

ఈ తీర్మానం ప్రతులను దక్షిణ కోస్తా, తూర్పు కోస్తా రైల్వేల జనరల్ మేనేజర్లకు, విశాఖపట్నం, రాయగడ డివిజన్ల రైల్వే మేనేజర్లకు, శ్రీకాకుళం, గజపతి, రాయగడ జిల్లాల కలెక్టర్లకు, ఆయా నియోజకవర్గాల పార్లమెంటు సభ్యులకు తెలుగు, ఒడియా, ఇంగ్లిషు భాషల్లో పంపాలి. ఒక ప్రతిని మార్గంలోని ప్రతి స్టేషన్ మాస్టర్‌కు సభ్యులు స్వయంగా అందజేయాలి. గుణుపూర్ బృందం వచ్చే ఆదివారం పొద్దుటి బండికి ఆ పని మొదలుపెడుతుంది.

ప్రతిపాదించినవారు: పర్లాకిమిడి సభ్యులు. బలపరచినవారు: టెక్కలి సభ్యులు. ఒక్కరు తటస్థంగా ఉండగా మిగిలిన అందరి ఆమోదంతో తీర్మానం నెగ్గింది.